ఇతరములు

నిబంధనల తెలుగు ప్రతి నేనే కొట్టిన.
ప్రవేశం నుంచి పట్టా దాకా ముప్పై నాలుగు పేజీలు.
హన్మకొండ మే నెల, నీళ్లు లేని కూలరు,
పదహారో పేజీల వేలు జారి
జీవశాస్త్రాలు కాస్తా జీవితశాస్త్రాలైనయి.
ఎవరూ చూడలే. సంతకాలైనయి, ముద్రలు పడ్డయి.
సవరణ వచ్చేదాకా ఇగ అదే చట్టం.

చేరినోళ్లు మొదటి రెండేండ్లు పాఠాలు వినాలె.
డెబ్బై ఐదు శాతం హాజరు.
ఆ మీద సమగ్ర పరీక్ష; రెండుమార్లు తప్పితే
ఎమ్మెస్సీ పట్టా చేతుల పెట్టి
మర్యాదగ గేటు చూపించాలె.
నిలిచినోళ్లకు ఇంకో మూడేండ్లు,
ఆర్నెల్లకో నివేదిక,
గైడు సంతకం ఎడమకు, అధ్యక్షుని సంతకం కుడికి.
ఎవరి బతుకన్నా
ఇంత వివరంగ రాసిపెట్టి ఉంటదా
అని అప్పుడప్పుడు కుళ్లుకున్న కూడా.

జన్ను రవళి ఫైలు
ఐదో ఏడు చివర్ల నా బల్ల మీదికొచ్చింది.
గడువు పెంచమని.
పత్తికాయల గులాబీ పురుగు మీద ఆమె పని.
ఎనుమాముల మార్కెట్‌కు తెల్లారకముందే పోయి
బస్తాల కింద రాలిన గుడ్డికాయలు ఏరుకొచ్చేదట.
హమాలీలు పురుగుల పిల్ల అంటరట.
ఇవేవీ ఫైల్ల లేవు,
అటెండరు కొంరయ్య చెప్పిండు.

ఫైల్ల ఉన్నది ఒక్క పేరా:
జులైల మూడు రోజుల ముసురు,
నయీంనగర్ నాలా పొంగింది,
ట్రాన్స్‌ఫార్మర్ మునిగింది,
పురుగులు పెంచే పెట్టె ఆగి, తేమకు బూజొచ్చి
పదకొండు తరాలు
ఒక్క రాత్రిల
అక్కడ ఆపింది. చుక్క కూడా పెట్టలే.

నా ఫారంల ఆలస్యానికి కారణాలు నాలుగు:
అనారోగ్యం. ప్రసూతి. గైడు బదిలీ. ఇతరములు.
ఆఖరి గడి చిన్నది, బొటనవేలంత.
పదకొండు తరాలు అండ్ల ఎట్ల పడ్తయి?
స్వయంగ హాజరై వివరణ ఇవ్వాలని మెమో పంపిన.

వచ్చింది. చేతులకు స్పిరిట్ వాసన.
కూసోమంటే కూసోలే.
సంచిల నుంచి చిన్న సీసా తీసి
ఫైలు మీద పెట్టింది.
లోపల రెండు పత్తిగింజలు,
దారంతో కుట్టినట్టు ఒకదాన్నొకటి పట్టుకొని.

‘ఏందమ్మా ఇది?’
‘పురుగు సార్. కాలం మంచిగ లేకపోతే
రెండు గింజల్ని దగ్గరికి గుంజుకొని
నడుమ తొలుచుకొని పంటది.
తినది. పెరగది. రెక్కలు కట్టది.’
‘సచ్చిందా?’
‘లేదు సార్. ఆగింది.’
‘ఎన్ని రోజులు?’
‘దానికి గడువు లేదు.
ఏడాది ఉంటది, రెండేండ్లన్నా ఉంటది.’

నిరుటి బస్తాల అడుగున ఇసొంటివి
నలభై మూడు దొరికినయట.
వాటితోనే మళ్ల మొదటి తరం మొదలుపెడ్తదట.

సీసాను ట్యూబులైటుకు ఎత్తి చూసిన.
ఏమీ కదలలే.
నాయిన పోయినంక కారుణ్య నియామకంల
ఈ కుర్చీల కూసున్న నాటిది,
బీఎస్సీ రెండో ఏడు హాల్‌టికెట్టు
ఇంకా ఇంట్ల బీరువాలనే ఉన్నది. పారెయ్యలే, ఎందుకో.
ఆ మాట ఆమెకు చెప్పలే.

ఆమె పోయినంక నోట్‌ఫైలు తెరిచి రాసిన:
‘పదకొండవ నిబంధన, మూడవ ఉపనిబంధన మేరకు
అభ్యర్థిని గడువు ముగిసినది.
అయితే పదహారవ పుట ప్రకారం
ఇది జీవితశాస్త్రాలలో పట్టా.
వాటియందు ఆగిన కాలమును గడువులో కలిపి
లెక్కించవలెనని ఎచ్చటనూ లేదు.
తగు నిర్ణయమునకు సమర్పించడమైనది.’

ఇరవై ఆరేండ్ల నౌకరిల
తప్పును సాక్ష్యంగ చూపింది అదొక్కసారే.

ఫైలు పైకి పోయి నెల దాటింది, దిగలే.
ఫారం మీద, ఇతరముల గడి చుట్టూ
సీసా అడుగు తడి గుండ్రంగ అంటుకున్నది.
కొంరయ్య అది చాయ్ మరక అనుకొని
కొత్త ఫారం తెస్తనన్నడు.
వద్దన్న.